జాంగో ఫ్రేమ్‌వర్కులో నూతన సౌకర్యములు: ఒక పరిశీలన

ఉపకారవేతనమునకు దరఖాస్తు పెట్టవలెనన్నను, హాల్ టిక్కెట్టు తీసికొనవలెనన్నను, పరీక్షా ఫలితము చూడవలెనన్నను, ఇంటి పెద్దలు తమ పొలము అడంగలు పరిశీలింపవలెనన్నను నేడు ఒక వెబ్ పుటను తెరువక తప్పదు. అట్టి పుటల వెనుక పనిచేయు ప్రోగ్రాములలో అనేకము ఏదో ఒక ఫ్రేమ్‌వర్కు ఆధారముగా నిర్మింపబడినవే. ఈ ఫ్రేమ్‌వర్కులకు ఏటేటా క్రొత్త ప్రతులు వెలువడుచుండును. ప్రతి ప్రతితోను నూతన సౌకర్యముల జాబితా యొకటి వచ్చును. మన కంప్యూటరు విద్యార్థులు ఆ జాబితాను ఇంటర్వ్యూలో ఒప్పగించుటకై కంఠస్థము చేయుట పరిపాటియైనది.

మేము ఈ వ్యాసమున ఆ జాబితాను మరియొక విధముగా చదువ యత్నించుచున్నాము. ఒక సౌకర్యము ఎక్కడ పుట్టినది? అది ఎవరి శ్రమను తగ్గించును? తెలుగు, ఉర్దూ చదువుకొను మనవంటివారి దాక అది చేరుచున్నదా? ఈ మూడు ప్రశ్నలకు ఉదాహరణముగా జాంగో అను ఫ్రేమ్‌వర్కును గైకొన్నాము. ఇది ఉచితముగా లభించును. మూలమును ఎవరైనను చదువవచ్చును, మార్చుకొనవచ్చును. డిగ్రీ తరగతులలో బోధింపబడు పైథాన్ భాషలో వ్రాయబడినది. అంతకుమించి, దాని భాషల పట్టికలో తెలుగు, ఉర్దూ రెండును కలవు.

ఫ్రేమ్‌వర్కు అనగానేమి?

కృష్ణా డెల్టా వాసులకు ఈ సంగతి కాలువల ద్వారా సులభముగా బోధపడును. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తియైనది. 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వచ్చినది. ఆనకట్ట, ప్రధాన కాలువలు, తూములు అందరికి ఉమ్మడి. తూము మొదలు తన చేని దాక బోదె త్రవ్వుకొనుట మాత్రము రైతు స్వంత పని. ప్రతి రైతును నదిదాక కాలువ త్రవ్వుకొనవలసివచ్చిన యెడల సేద్యమే సాగదు.

వెబ్ నిర్మాణమును అట్టిదే. వచ్చిన అభ్యర్థనను స్వీకరించుట, అడిగినవారెవరో గుర్తించుట, డేటాబేస్ నుండి వివరములు తెచ్చుట, ఫారములోని తప్పులు పట్టుట, పుటను కూర్చి పంపుట అనునవి ప్రతి అప్లికేషనులోను ఉండు పనులు. ఈ ఉమ్మడి పనుల సముదాయమే ఫ్రేమ్‌వర్కు. మన కళాశాలలో ఎన్ని గ్రూపులున్నవి, ఫీజు ఎంత, హాజరు ఎట్లు లెక్కింపవలెను అనునవి మనము త్రవ్వుకొనవలసిన బోదెలు.

అయితే బందరు, దివిసీమ రైతులకు మరియొక సత్యము కూడ తెలియును. కాలువకు నీరు వదలిరన్న వార్త వేరు. శివారు చేనికి నీరు చేరుట వేరు. నూతన సౌకర్యములను గూర్చి చదువునపుడు విద్యార్థులు ఈ భేదమును మరువరాదని మా మనవి.

జాంగో పుట్టుక

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున లారెన్స్ అను పట్టణమున ‘లారెన్స్ జర్నల్ వరల్డ్’ అను దినపత్రిక కలదు. ఆ పత్రిక వెబ్ విభాగమున పనిచేయుచుండిన ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విలిసన్ అనువారు 2003లో ఈ పనికి పూనుకొనిరి. ఉదయము నిర్ణయించిన పుట సాయంత్రమునకు సిద్ధము కావలెనన్నది పత్రికా కార్యాలయపు ఒత్తిడి. ఒకే పనిని మరల మరల వ్రాయుటకు అచట అవకాశము లేదు. అందుచే పునరావృతమగు పనులన్నిటిని ఒకచోట చేర్చిరి. 2005 జూలైలో దానిని లోకమునకు ఉచితముగా విడుదల చేసిరి. బెల్జియమున జన్మించి ఫ్రాన్సున పేరొందిన గిటారు విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్ పేరు దానికి పెట్టిరి. 2008లో దాని పోషణకై ఒక సంస్థ ఏర్పడినది. నేడు సుమారు ఎనిమిది నెలలకొక ప్రతి వెలువడుచున్నది.

ఒక ఊరి పత్రిక అవసరమునుండి ఇది పుట్టినదని విద్యార్థులు గమనింపవలెను. తరువాతి సౌకర్యములు కూడ ఇట్లే పుట్టినవి. 2025 డిసెంబరులో వెలువడిన 6.0 ప్రతిలోని మూడు ముఖ్య సౌకర్యములను క్రింద వివరించుచున్నాము.

మొదటిది: టెంప్లేటు ఖండములు

టెంప్లేటు అనగా పుటకు అచ్చు. ఈ మాట పెడన, మచిలీపట్నం విద్యార్థులకు క్రొత్తది కాదు. కలంకారీ అద్దకములో టేకు చెక్కపై చెక్కిన అచ్చులు వాడుదురు. రేఖకు ఒక అచ్చు, లోపల నింపు రంగులకు వేరు అచ్చులు. ఒక్క పూవు అచ్చు చీర అంచునను, దుప్పటి నడుమను, తెర మూలను పడును. పూవు పడిన ప్రతిచోటికి దుప్పటంత అచ్చు చెక్కుకొను పనివాడు ఉండడు.

పూర్వము జాంగోలో పుటయందలి చిన్న భాగమును వేరుగా వాడవలెనన్న దానికై వేరొక ఫైలు సృష్టింపవలసియుండెను. ఫైళ్లు పెరిగినకొలది ఏది దేనిలోనిదో తెలియక తికమక కలుగుచుండెను. 6.0లో ఒకే టెంప్లేటు లోపల ‘పార్షల్‌డెఫ్’ అను గుర్తుతో ఒక ఖండమునకు పేరు పెట్టవచ్చును. ‘పార్షల్’ అను గుర్తుతో దానిని అదే పుటలో ఎన్ని మారులైనను అద్దవచ్చును. ఇంకను ముఖ్యమైనదేమనగా, సర్వరు ఆ ఖండమును మాత్రమే వేరుగా పంపగలదు.

దీని ప్రయోజనమేమి? హాజరు పట్టికలో ఒక విద్యార్థి వరుస మాత్రమే మారినదనుకొందము. పుట మొత్తము 60 కిలోబైట్లు, ఆ వరుస 2 కిలోబైట్లు అనుకొన్నచో, పుట బదులు వరుసనే పంపుటవలన ముప్పదింట ఒక వంతు భారముతో పని జరుగును. ఫోను సిగ్నలు బలహీనముగా నుండు చోట కూర్చున్న విద్యార్థికి ఇది చిన్న మేలు కాదు. అయితే అందిన ఖండమును పుటలో సరియైన చోట అమర్చుటకు బ్రౌజరులో ఒక చిన్న స్క్రిప్టు అవసరమగును. ఆ పని జాంగో చేయదు.

రెండవది: నేపథ్య కార్యములు

మీట నొక్కిన వెంటనే జవాబు రావలెను. కాని కొన్ని పనులకు కాలము పట్టును. ఒక ఉదాహరణము చూతము. తుఫాను హెచ్చరికను 10,000 ఫోన్లకు పంపు పుట యొకటి వ్రాసితిమనుకొందము. ఒక్కొక్క సందేశమునకు అర సెకను పట్టునని ఊహింతము. ఒకదాని తరువాత ఒకటి పంపినచో 5,000 సెకన్లు, అనగా సుమారు 83 నిమిషములు పట్టును. అంతసేపు పుట వేచియుండజాలదు. జాంగోతో విరివిగా వాడబడు గునికార్న్ అను సర్వరు సాధారణ అమరికలో 30 సెకన్లు దాటిన పనిని నిలిపివేయును. అప్పటికి వెళ్లిన సందేశములు 60 మాత్రమే. మిగిలిన 9,940 మందికి వార్త అందదు.

1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో వేలాది ప్రాణములను కోల్పోయిన దివిసీమ ప్రజలకు, హెచ్చరిక ప్రతి యింటికి సకాలమున చేరుట అనగానేమో ఎవరును వివరింపనక్కరలేదు.

6.0 ప్రతిలో ఇట్టి పనిని ‘టాస్క్’ అని గుర్తించి వరుసలో నిలుపు విధానము చేర్చబడినది. పుట ఆ పనిని వరుసలో పెట్టి, ‘స్వీకరింపబడినది’ అని వెంటనే జవాబు చెప్పును. వేరుగా నడచు పనివాండ్ర ప్రోగ్రాములు వరుసలోని పనులను ఒకటొకటిగా తీసికొని చేయును. పదిమంది పనివాండ్రున్నచో పై ఉదాహరణములోని పని ఎనిమిది నిమిషములు దాటగానే ముగియును.

ఇచట రెండు జాగ్రత్తలు చెప్పవలెను. మొదటిది: వరుసలో పెట్టు పద్ధతిని మాత్రమే జాంగో ఇచ్చుచున్నది, పనివాండ్రను ఇచ్చుటలేదు. దానితో వచ్చు రెండు అమరికలు అభ్యాసమునకు, పరీక్షలకు ఉద్దేశింపబడినవి. అందొకటి పనిని అక్కడికక్కడే చేసివేయును. అనగా పుట పూర్వమువలెనే వేచియుండును. పనివాండ్ర ఏర్పాటును వేరుగా సమకూర్చుకొనవలెను. రెండవది: డేటాబేసులో వివరములు స్థిరపడిన తరువాతనే పనిని వరుసలో నిలుపవలెను. ముందే నిలిపినచో పనివాడు వచ్చి చూచునప్పటికి అచట వివరము లేకపోవచ్చును.

మూడవది: పుటలోనికి ఎవరు రావచ్చును?

ఒక పుటలోని వ్యాఖ్యల పెట్టెలో దుష్టుడొకడు అక్షరముల బదులు స్క్రిప్టును వ్రాసి పంపవచ్చును. అది ఇతరుల బ్రౌజరులలో నడచినచో వారి లాగిన్ వివరములను దొంగిలింపవచ్చును. జాంగో టెంప్లేట్లు చాలకాలమునుండి ఇట్టి స్క్రిప్టును నిర్జీవ అక్షరములుగా మార్చుచునే యున్నవి. 6.0లో రెండవ కాపలాగా ‘కంటెంట్ సెక్యూరిటీ పాలసీ’ అను విధానము అంతర్భాగమైనది. ఏ చోటులనుండి వచ్చిన స్క్రిప్టులను, చిత్రములను, అక్షరరూపములను అనుమతింపవలెనో సర్వరు ఒక పట్టిక వ్రాసి బ్రౌజరునకు పంపును. పట్టికలో లేనిదానిని బ్రౌజరు నడువనీయదు.

పాత పుటలలో స్క్రిప్టు ముక్కలు చెల్లాచెదరుగా నుండును. ఈ పట్టికను ఒక్కమారు కఠినముగా అమలుచేసినచో మంచివి కూడ ఆగిపోవును. కావున మొదట ‘నివేదన మాత్రమే’ అను పద్ధతిలో నడపి, ఏవి ఆగిపోవునో తెలిసికొని, సరిచేసి, పిదప అమలుచేయుట వివేకము.

ఈ మూడింటికి గల పోలిక

టెంప్లేటు ఖండములు మొదట జాంగోలో లేవు. ‘జాంగో టెంప్లేట్ పార్షల్స్’ అను విడి ప్యాకేజీగా ఉండెను. నేపథ్య కార్యములు ‘జాంగో టాస్క్స్’ అను ప్యాకేజీలో రూపుదిద్దుకొన్నవి. భద్రతా పట్టికను మొజిల్లా వారి ‘జాంగో సీఎస్‌పీ’ అను ప్యాకేజీ అంతకుముందే అందించుచుండెను. అనగా అవసరము కలిగినవారు మొదట తమ కొరకు చేసికొనిరి, ఇతరులు వాడి లోపములు చెప్పిరి, చర్చ జరిగినది, తుదకు అది ఉమ్మడి కాలువలో కలిసినది. నూతన సౌకర్యము అనగా అనేకుల పాత శ్రమ ఉమ్మడి ఆస్తియగుటయే.

5వ వరుస ప్రతులలోని కొన్ని మార్పులు

2023 డిసెంబరునాటి 5.0లో ఫారమునందలి ఒక్కొక్క గడిని, దాని పేరు, సూచన, తప్పు సందేశములతో సహా ఒకే మాటతో పుటలో నిలుపు సౌకర్యము వచ్చినది. 2024 ఆగష్టునాటి 5.1లో అన్ని పుటలకు లాగిన్ తప్పనిసరిచేసి, మినహాయింపులను మాత్రము పేర్కొను పద్ధతి వచ్చినది. మార్కుల పుటకు తాళము వేయ మరచుట అను ప్రమాదమును ఇది తగ్గించును. అయితే దీనిని మనమే అమరికలలో చేర్చుకొనవలెను. 2025 ఏప్రిలునాటి 5.2లో రెండు మూడు వివరములు కలిసి ఒక నమోదునకు గుర్తింపగు ఏర్పాటు వచ్చినది. హాల్ టిక్కెట్టు సంఖ్య, సబ్జెక్టు, పరీక్ష కలిసి ఒక మార్కును గుర్తించుట దీనికి చక్కని ఉదాహరణము.

5.2 దీర్ఘకాల పోషణ గల ప్రతి. దానికి 2028 ఏప్రిలు వరకు భద్రతా సవరణలు లభించును. 6.0కు ఆ గడువు 2027 ఏప్రిలు. కార్యాలయములో నిలకడగా నడువవలసినదానికి మొదటిది, నేర్చుకొనుటకు రెండవది యోగ్యమని మా అభిప్రాయము.

శివారుకు నీరు చేరినదా?

ఇక మూడవ ప్రశ్న. జాంగో పట్టికలో తెలుగు, ఉర్దూ ఉన్నవని చెప్పితిమి. ఉర్దూ కుడినుండి ఎడమకు వ్రాయబడు భాషయని దానికి తెలియును. పుట దిశను మార్చుటకు టెంప్లేటులో ఆ సమాచారము లభించును. ఇది గొప్ప మేలు. అయినను పుట అందముగా కుదురుటకు మన కృషియు కావలెను. ఉర్దూ వాక్యము నడుమ తెలుగు పేరుగాని, ఫోను సంఖ్యగాని వచ్చినపుడు వరుస తారుమారు కాకుండ దానిని విడిగా చుట్టవలెను. హెచ్‌టీఎమ్ఎల్‌లో దానికై ‘బీడీఐ’ అను గుర్తు కలదు. నస్తాలీఖ్ లిపి నిలువుగా ఎక్కువ చోటు కోరును. తెలుగు వరుసలకు సరిపడిన ఎత్తు దానికి చాలదు.

తెలుగు సంగతి చూతము. ‘మచిలీపట్నం’ అను మాట మన కంటికి అయిదు అక్షరములు. యూనికోడ్ పద్ధతిలో హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న వేరువేరుగా లెక్కింపబడుటచే అది 10 సంకేతములు. నిల్వలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు చొప్పున 30 బైట్లు. జాంగో ఫారములోని పొడవు హద్దు సంకేతములను లెక్కించును. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమే ఆరుగా లెక్కకు వచ్చును. ఆంగ్లపు పేర్లను మనసునందుంచుకొని హద్దును 20గా పెట్టిన ఫారములో ఇంటిపేరుతో కూడిన తెలుగు పేరు పట్టకపోవచ్చును. ఆ తప్పు విద్యార్థిది కాకపోయినను, తన పేరు తాను వ్రాసికొనలేకపోవునది విద్యార్థియే.

మరియొకటి. పుట చిరునామాలో వాడుటకు శీర్షికను సరళము చేయు ‘స్లగిఫై’ అను సాధనము జాంగోలో కలదు. సాధారణముగా దానికి ‘మచిలీపట్నం’ అని ఇచ్చినచో ఏమియు మిగులదు. యూనికోడ్‌ను అనుమతింపుమని చెప్పినచో, పైథాన్ భాష అక్షరములుగా అంగీకరించువాటినే అది నిలుపును. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న ఆ లెక్కలోనికి రావు. కావున మిగులునది ‘మచలపటన’. ఉర్దూలో అక్షరములు నిలుచును. జేర్, జబర్ వంటి గుర్తులు మాత్రము పోవును. ఉర్దూ వారు సామాన్యముగా ఆ గుర్తులు వ్రాయరు గనుక వారికి నష్టము స్వల్పము. తెలుగువారికి ఊరి పేరే మారిపోవును. చిరునామాలలో శీర్షిక బదులు నమోదు సంఖ్యను వాడుట ప్రస్తుతమునకు సురక్షితమైన మార్గము.

ఇది ఎవరి ద్వేషమువలనను జరిగినది కాదు. నియమము వ్రాసినవారికి గుణింతము అనుభవములో లేదు. గుణింతము తెలిసినవారు చర్చలో తగినంతగా పాల్గొనలేదు. మూడు సౌకర్యములు ఉమ్మడి కాలువలో ఎట్లు కలిసినవో పైన చూచితిమి. అదే త్రోవ మనకును తెరచియున్నది.

చేయదగిన పనులు

విద్యార్థినీ విద్యార్థులకును, కళాశాల కమిటీ వారికిని మూడు సూచనలు చేయుచున్నాము.

ఒకటి. చివరి సంవత్సరపు ప్రాజెక్టులన్నిటికి ‘శివారు పరీక్ష’ పెట్టవలెను. ఒత్తులు గల ఒక తెలుగు పేరు, ఒక ఉర్దూ పేరు ఫారములో వ్రాసి, దాచి, మరల తెరచి, ముద్రించి చూడవలెను. నెమ్మదియైన సిగ్నలు మీద పుటను తెరచి చూడవలెను. ఈ మూడింట నెగ్గిన పిదపనే ప్రాజెక్టును అంగీకరింపవలెను.

రెండు. జాంగో అనువాదములు స్వచ్ఛంద సేవకుల కృషి. అనువాదము లేని వాక్యము పుటలో ఆంగ్లముననే కనబడును. తెలుగు, ఉర్దూ విభాగముల విద్యార్థులు కంప్యూటరు విద్యార్థులతో కూర్చుండి వారమునకు పది వాక్యములు అనువదించినను, నలుబది వారములలో నాలుగు వందలగును. ప్రోగ్రాము వ్రాయుట రానివారు కూడ ఇందు పాల్గొనవచ్చును. ‘ఈ గడి తప్పక నింపవలెను’ అను వాక్యమును మర్యాదగా, స్పష్టముగా వ్రాయుట భాషా విద్యార్థుల పనియే.

మూడు. కనుగొన్న లోపమును గోడకు చెప్పికొనుట మాని, ఉదాహరణముతో సహా జాంగో నిర్వాహకులకు వ్రాయవలెను. ఏమి ఇచ్చితిమి, ఏమి వచ్చినది, ఏమి రావలసియుండెను అను మూడు వాక్యములు చాలును.

కలంకారీ అను మాటలోని కలము, కారీ రెండును పారశీక పదములు. ఆ అచ్చులను చెక్కి అద్దినవి తెలుగు చేతులు. రెండు భాషల కలయిక ఈ తీరమునకు క్రొత్తది కాదు. గుడివాడ, బందరు, దివిసీమలనుండి వచ్చు మన విద్యార్థులు ఆ రెండు భాషలలోను తమ పేరు చెదరక నిలుచు పుటను నిర్మింపగల్గుదురని మా విశ్వాసము. ఆ పుటను నిర్మించిన నాడు ఫ్రేమ్‌వర్కులోని నూతన సౌకర్యములను వారు నిజముగా చదివినట్లే.